హక్కు పోలేదు, పేరు పోయింది

2018 డిసెంబర్ 7, శుక్రవారం. తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల పోలింగ్. పొద్దున ఏడున్నరకల్లా మా పెద్దమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, లామినేషన్ చేయించిన ఓటరు కార్డు పర్సులో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆవిడకి అప్పటికి డెబ్భై దాటాయి. ఏ ఎన్నికల్లోనూ ఓటు మానింది లేదు. పోలింగ్ మా వీధి చివరి బళ్లోనే, 2014లో ఆవిడ ఓటేసిన గదిలోనే.

బడికి కాస్త దూరంలో పార్టీల వాళ్లు బల్లలు వేసుకుని స్లిప్పులు రాస్తున్నారు. మొదటి బల్ల దగ్గర కుర్రాడు జాబితా మీద వేలు పెట్టి పైనుంచి కిందికి రెండుసార్లు వెతికి, "అమ్మా, మీ పేరు లేదు" అన్నాడు. రెండో పార్టీ బల్ల దగ్గరా అదే మాట. లోపలికి వెళ్లి అడిగితే పోలింగ్ అధికారి మర్యాదగానే చెప్పాడు: "లిస్టులో లేకపోతే మేమేం చేయలేమమ్మా." పెద్దమ్మ కార్డు ఆయన ముందు పెట్టి, "ఇది ఇచ్చింది మీరే కదా బాబూ?" అంది. ఆయన దగ్గర జవాబు లేదు.

ఏం జరిగిందో తర్వాత తెలిసింది. ఆవిడ కూతురి పురుడుకి పుణె వెళ్లి అయిదు నెలలు ఉంది. ఆ మధ్యలో ఎవరో ఇంటికొచ్చారు, తాళం చూశారు, 'ఇల్లు మారారు' అని రాసుకుని పోయారు.

ఆ రోజు రాష్ట్రంలో ఇలా వెనక్కి తిరిగినవాళ్లు చాలామంది. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల తన పేరు కూడా లేదని ట్వీట్ చేసింది. చివరికి రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి పేర్లు గల్లంతైనవారికి క్షమాపణ చెప్పారు. క్షమాపణతో ఓటు తిరిగి రాదు గానీ, అంత పెద్ద అధికారి ఆ మాట అనడం మన దగ్గర అరుదు కాబట్టి గుర్తుండిపోయింది.

"నా ఓటు హక్కు తీసేశారు" అని ఆ రోజు చాలామంది అన్నారు. చట్టం ప్రకారం ఆ మాట తప్పు. వాళ్ల హక్కు ఎవరూ తీయలేదు, పేరు తీశారు. ఈ రెండూ ఒకటేనని మనం అనుకుంటాం కాబట్టే ఎన్నికలొచ్చిన ప్రతిసారీ ఇంత గందరగోళం. పెద్దమ్మ లాంటివాళ్ల గోడు, జైల్లో ఉన్నవాడి సంగతి, అమెరికా పాస్‌పోర్టు తీసుకున్నవాడి సంగతి, అస్సాంలో కాగితాలు పట్టుకుని తిరిగే మనిషి సంగతి అన్నీ ఒకే మూటలో కట్టేస్తాం. విడదీసి చూద్దాం.

మన దేశంలో ఓటు మూడు మెట్ల మీద నిలబడి ఉంది. కింది మెట్టు పౌరసత్వం. దాని మీద ఓటర్ల జాబితాలో పేరు. దాని మీద, పోలింగ్ రోజున వెళ్లి మీట నొక్కగలగడం. రాజ్యాంగం 326వ అధికరణ వయోజనులందరికీ ఓటు అంది. మొదట 21 ఏళ్లు నిండాలి, 61వ సవరణ వచ్చాక 1989 నుంచి 18 ఏళ్లు. అయితే సుప్రీంకోర్టు 1952లో పొన్నుస్వామి కేసు నుంచీ చెబుతున్న మాట ఏమిటంటే, ఓటు వేయడం చట్టం ఇచ్చిన హక్కే, ప్రాథమిక హక్కు కాదు. బూత్‌లోకి వెళ్లాక ఎవరికి వేయాలో ఎంచుకునే స్వేచ్ఛ మాత్రం భావప్రకటనలో భాగమని 2003లో అంది. మామూలు మాటల్లో చెప్పాలంటే ఎవరికి వేస్తావన్నది నీ స్వేచ్ఛ, వేయగలవా లేదా అన్నది చట్టం ఇష్టం. ఇది నాకెప్పుడూ వింతగానే ఉంటుంది. లోపలికి రానివ్వకపోయాక లోపలి స్వేచ్ఛ ఏం చేసుకోను?

జాబితాలోకి ఎక్కడానికి అడ్డొచ్చేవి 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 16వ సెక్షన్‌లో మూడే ఉన్నాయి: భారత పౌరుడు కాకపోవడం, మతిస్థిమితం లేదని కోర్టు ప్రకటించడం, ఎన్నికల నేరాల వల్ల ఓటుకు అనర్హత పడటం. రెండో దాంట్లో కోర్టు అన్న మాట ముఖ్యం. ఇంట్లోవాళ్లు అన్నా, డాక్టర్ మందులు రాసినా సరిపోదు. మూడోది 1951 చట్టంలోని 11ఏ సెక్షన్. ఎన్నికల్లో లంచం, ఒకరి ఓటు మరొకరు వేయడం, ఓట్ల కోసం వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడం లాంటి వాటిలో శిక్ష పడితే ఆరేళ్లు ఓటు ఉండదు. ఓటుకు నోటు ఇచ్చినవాడు ఓటే పోగొట్టుకోవాలన్న మాట. అలా పోగొట్టుకున్నవాళ్లు మీకు తెలిసినవాళ్లలో ఎవరైనా ఉన్నారా? నాకు లేరు.

చట్టపు అడ్డంకులు ఇంత తక్కువ. అయినా జాబితాలోంచి జనం జారిపోతున్నది వీటి వల్ల కాదు, 'సాధారణ నివాసి' అన్న రెండు మాటల వల్ల. ఓటు ఎక్కడ ఉంటున్నామో అక్కడే ఉండాలి. ఊళ్లో ఇల్లుందనో పొలం ఉందనో అక్కడ ఓటు ఉంచుకోవడానికి లేదు, సొంత ఇల్లున్నంత మాత్రాన సాధారణ నివాసి అయిపోరని 20వ సెక్షన్ సూటిగానే చెప్పింది. అదే సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంది. తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన నివాసం పోదు. అంటే కూతురి పురుడుకి అయిదు నెలలు పుణెలో ఉన్న మా పెద్దమ్మ చట్టం దృష్టిలో ఆ అయిదు నెలలూ హైదరాబాద్ నివాసే. ఇంటికి తాళం ఉండటం ఇల్లు మారడం కింద రాదు.

అంతే కాదు, ఇక్కడ ఉండటం లేదని పేరు తీసేయాలంటే ముందు ఆ మనిషికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 22వ సెక్షన్ చెబుతుంది. 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు ఇంకాస్త గట్టిగా అంది. ఒకసారి జాబితాలో ఉన్నవారిని తీసేయాలంటే నోటీసు ఇవ్వాలి, కారణం చెప్పాలి, వాళ్లు చూపిన ఆధారాలు చూడాలి. పెద్దమ్మకి నోటీసు వచ్చిందా అంటే, వచ్చి ఉంటే తాళం వేసిన ఆ తలుపుకే అంటించి ఉంటారు, లేదా అదీ లేదు. ఎవరూ చెప్పలేకపోయారు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ గొడవకి ఇంకో మూలం ఉంది. హైదరాబాద్‌లో ఉంటూ ఆంధ్రాలో ఊరి ఓటు ఉంచుకున్నవాళ్లు, అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నవాళ్లు లెక్కలేనంత మంది. సంక్రాంతికి విజయవాడ హైవే ఎలా ఉంటుందో, 2019 ఏప్రిల్ 11కి ముందు రోజూ, 2024 మే 13కి ముందు రోజూ అలాగే ఉంది. రెండుసార్లూ రెండు రాష్ట్రాలకీ ఒకే రోజు పోలింగ్. ఒక మనిషి రెండు నియోజకవర్గాల్లో నమోదై ఉండకూడదని 17వ సెక్షన్ నిషేధం, కాబట్టి ఇలాంటి డబుల్ ఎంట్రీలు తీసేయడం తప్పు కాదు, తీయాల్సిందే. చిక్కల్లా ఏది ఉంచాలో ఎవరు నిర్ణయిస్తారన్న దగ్గర. పేరు, తండ్రి పేరు, వయసు, ఫొటో పోలిన ఎంట్రీలను సాఫ్ట్‌వేర్ ఏరి పెడుతుంది. మన దగ్గర శ్రీనివాసరావు, తండ్రి వెంకటేశ్వరరావు అంటే ఎన్ని వేల మంది? ఆ ఏరినవాటిని ఇంటింటికీ వెళ్లి చూడాల్సింది బీఎల్‌ఓ, అంటే బూత్ స్థాయి అధికారి. ఆవిడ అంగన్‌వాడీ టీచరో మునిసిపాలిటీ ఉద్యోగో అయి ఉంటుంది, ఇది ఆవిడ అసలు ఉద్యోగం కాదు. ఒక్కో బూత్‌కి వెయ్యికి అటూ ఇటూ ఓటర్లు. మూడో అంతస్తు ఎక్కి తలుపు తట్టి, లేకపోతే మళ్లీ రేపొచ్చి తట్టే ఓపిక ఎంతమందికి ఉంటుందన్నది ఊహించుకోవచ్చు.

2015లో జాబితాల ప్రక్షాళన పేరుతో ఓటరు కార్డుకి ఆధార్ జోడించే కార్యక్రమం దేశమంతా మొదలైంది. ఆ ఆగస్టులో ఆధార్ మీద సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు రాగానే ఎన్నికల సంఘం దాన్ని ఆపేసింది. ఈలోపే హైదరాబాద్‌లో లక్షల పేర్లు పోయాయని పెద్ద వివాదం. 2018 సెప్టెంబర్ 6న అసెంబ్లీ ముందే రద్దు కావడంతో జాబితా సవరణ హడావుడిగా జరిగింది. పాత పొరపాట్లు దిద్దుకునే తీరిక ఎవరికీ లేకపోయింది.

మూడు నెలలు తిరక్కుండానే ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో రకం కథ. పేరు తీసేయమని అడిగే దరఖాస్తు ఫారం-7. చనిపోయారనో, ఇల్లు మారారనో, రెండుచోట్ల ఉన్నారనో ఎవరి మీదైనా అదే నియోజకవర్గపు ఓటరు ఇవ్వవచ్చు. 2019 మొదట్లో ఇవి ఆన్‌లైన్‌లో లక్షల్లో వచ్చి పడ్డాయి. దరఖాస్తు పెట్టినట్టు పేరున్న మనిషిని అడిగితే, "నేను పెట్టలేదు, నాకు తెలియదు" అన్నవాళ్లు ఎందరో. పార్టీలు ఒకదాన్నొకటి తిట్టుకున్నాయి, పోలీసు కేసులు పెట్టారు. ఇంటింటా విచారణ జరగడంతో వాటిలో చాలావరకు తిరస్కరించారు. అప్పుడు వ్యవస్థ పనిచేసింది కాబట్టే ఆ పేర్లు నిలిచాయని ఒప్పుకోవాలి. తలుపు తట్టినచోట పేరు నిలిచింది. తట్టనిచోట పోయింది.

2025లో బీహార్‌లో జరిగింది ఇంకా పెద్దది. అక్కడ సవరణ కాదు, దాదాపు కొత్త జాబితా రాశారు. ఎస్‌ఐఆర్ (స్పెషల్ ఇంటెన్సివ్ రివిజన్) అని పేపర్లలో చదివే ఉంటారు. జూన్ 24న ప్రకటించారు. 7.89 కోట్ల మంది ఓటర్లు, ప్రతి ఒక్కరూ ఫారం నింపాలి. 2003 జాబితాలో పేరు లేనివాళ్లు 11 రకాల పత్రాల్లో ఏదో ఒకటి చూపాలి. ఆగస్టు 1న ముసాయిదా వస్తే అందులో 65 లక్షల పేర్లు లేవు. చనిపోయినవారు, వలస వెళ్లినవారు లేక దొరకనివారు, రెండుచోట్ల ఉన్నవారు అని సంఘం లెక్క చెప్పింది. ఎవరెవరు, ఎందుకు అన్న జాబితా మాత్రం సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆదేశించాకే బయటికొచ్చింది. ఆధార్‌ను 12వ పత్రంగా తీసుకోవాలని సెప్టెంబర్ 8న కోర్టు చెప్పింది, అది పౌరసత్వానికి రుజువు కాదని కూడా అదే నోటితో చెప్పింది. సెప్టెంబర్ 30న తుది జాబితాలో 7.42 కోట్లు మిగిలారు. తర్వాతి విడతకి 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు ఎంచుకున్నారు. వాటిలో పుదుచ్చేరి ఉంది కాబట్టి మన గోదావరి పక్కనున్న యానాం కూడా ఆ లెక్కలోకి వచ్చింది.

ఇంతకుముందు పేరు తీసేవాళ్లు కారణం చూపాలి. ఇక్కడ పేరు ఉంచుకోవాలనుకున్నవాళ్లు కాగితం చూపాలి. ఈ తిరకాసు బీహార్‌తో ఆగేది కాదు కాబట్టి నేను దీన్ని ఇంత వివరంగా రాస్తున్నాను.

పోలింగ్ రోజున పేరు లేదని తెలిస్తే ఏం చేయాలి? నిజం చెప్పాలంటే ఆ రోజు ఏమీ చేయలేం. నామినేషన్ల గడువు ముగిసిన తర్వాత జాబితాలో మార్పులు కుదరవని చట్టమే చెబుతోంది. ప్రతి ఎన్నికలకీ వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంది: 'పేరు లేకపోయినా ఆధార్ చూపించి సెక్షన్ 49ఏ కింద చాలెంజ్ ఓటు అడగండి' అని. పచ్చి అబద్ధం. చాలెంజ్ అనేది ఓటరు చేసేది కాదు. లోపల కూర్చున్న పార్టీ ఏజెంట్ 'ఈయన ఆయన కాదు' అని రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పడం, అదీ చాలెంజ్. ఇప్పటికీ రెండు రూపాయలే. ఇక టెండర్ ఓటు అంటారే, అది జాబితాలో మీ పేరుండి, మీరు వెళ్లేసరికి ఎవరో మీ ఓటు వేసేసి ఉంటే ఇచ్చే కాగితపు బ్యాలెట్. పేరే లేనివాడికి ఈ రెండింటితోనూ పని లేదు. ఇంకో చిన్న సంగతి: జాబితాలో పేరుండి, పక్కన 'ఇంట్లో లేరు, మారారు, చనిపోయారు' అనే ఏఎస్‌డీ జాబితాలోనూ పేరు పడితే కంగారు పడక్కర్లేదు. గుర్తింపు సరిచూసి ఓటు వేయనిస్తారు.

ఇక జైలు. ఇక్కడ జాబితాలో పేరు ఉంటుంది, పౌరసత్వం ఉంటుంది, పై మెట్టు ఒక్కటే ఉండదు. 1951 చట్టం 62(5) ప్రకారం జైల్లో గానీ పోలీసు కస్టడీలో గానీ ఉన్నవారు ఓటు వేయకూడదు. శిక్ష పడిందా, విచారణలో ఉన్నాడా అన్న తేడా లేదు. 2022 చివరి నాటి జాతీయ నేర గణాంకాల ప్రకారం దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నేరం చేశారని ఏ కోర్టూ ఇంకా తేల్చని మనుషులు. హత్య కేసులో శిక్ష పడి, అప్పీల్ చేసుకుని బెయిల్ మీద బయట తిరుగుతున్నవాడు దర్జాగా వెళ్లి ఓటేయవచ్చు. సెల్‌ఫోన్ దొంగతనం కేసులో జామీను పెట్టేవాళ్లు లేక లోపల ఉండిపోయినవాడు వేయలేడు. 1997లో అనుకూల్ చంద్ర ప్రధాన్ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను సమర్థించింది. ఖైదీలందరికీ ఏర్పాట్లు చేయడం కష్టం, పోలీసు బందోబస్తు చాలదు, నేరస్థులను ఎన్నికలకు దూరంగా ఉంచాలి అన్నవి ప్రధాన కారణాలు. మొదటి రెండూ ఏర్పాట్ల ఇబ్బందులు, మూడోది నైతిక వాదన. నైతిక వాదనకి విచారణ ఖైదీ ఎలా దొరికాడో నాకు అర్థం కాదు.

విచిత్రం ఇంకా ఉంది. ఓటు వేయలేనివాడు పోటీ కూడా చేయకూడదని 2013 జులైలో సుప్రీంకోర్టు అంటే, పార్లమెంటు నెలల్లోనే చట్టం సవరించింది. కస్టడీలో ఉన్నంత మాత్రాన ఓటరు కాకుండా పోడు, కాబట్టి పోటీ చేయవచ్చు. ఓటు సంగతి మాత్రం అలాగే వదిలేసింది. ఫలితం 2024 లోక్‌సభ ఎన్నికల్లో చూశాం. తిహార్ జైల్లో విచారణ ఖైదీగా ఉన్న ఇంజినీర్ రషీద్ కశ్మీర్‌లోని బారాముల్లాలో ఒమర్ అబ్దుల్లాను రెండు లక్షలకు పైగా ఓట్లతో ఓడించాడు. లక్షల మంది ఓట్లు తీసుకోవచ్చు, తన ఓటు తనకే వేసుకోవడానికి లేదు. అదే ఎన్నికల్లో జాతీయ భద్రతా చట్టం కింద డిబ్రూగఢ్ జైల్లో ఉన్న అమృత్‌పాల్ సింగ్ పంజాబ్‌లోని ఖదూర్ సాహిబ్‌లో గెలిచాడు. ముందస్తు నిర్బంధంలో ఉన్నవారికి 62(5)లో మినహాయింపు ఉంది, వాళ్లకి పోస్టల్ ఓటు ఉంటుంది. అంటే దేశ భద్రతకి ముప్పు అని నిర్బంధించినవాడికి ఓటు ఉంది, సెల్‌ఫోన్ దొంగకి లేదు.

ఇప్పటివరకూ చెప్పినవాటిలో కింది మెట్టు కదల్లేదు. అది కదిలే కథలు మన ఇళ్లలోనే ఎక్కువ.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లల్ని తీసుకోండి. ఎఫ్-1 మీద చదివినా, హెచ్-1బీ మీద ఉద్యోగం చేసినా, గ్రీన్‌కార్డు వచ్చినా భారత పౌరులే. 2011 నుంచి ఫారం-6ఏ నింపి, పాస్‌పోర్టులో ఉన్న ఊరి చిరునామా మీద ప్రవాస ఓటరుగా నమోదు కావచ్చు. పోస్టు ఓటు, ఆన్‌లైన్ ఓటు లేవు, పాస్‌పోర్టు పట్టుకుని పోలింగ్ బూత్‌కే రావాలి. అందుకే 2024లో దేశం మొత్తం మీద ఇలా నమోదైనవారు 1.19 లక్షలైతే, వచ్చి ఓటేసినవారు మూడు వేలు కూడా లేరు, అందులో అత్యధికులు కేరళవాళ్లే. మొన్న ఎన్నికలకి విమానాల్లో దిగిన మనవాళ్లు చాలామంది ఈ జాబితాలోవాళ్లు కారు. ఊరి జాబితాలో పాత పేరు అలాగే ఉంది కాబట్టి వేసి వెళ్లారు.

అమెరికా పౌరసత్వం తీసుకునే రోజు కోర్టు హాల్లో కుడిచేయి ఎత్తి ప్రమాణం చేస్తారు. చేతిలో చిన్న జెండా, తర్వాత ఫొటో, సాయంత్రం పార్టీ. సరిగ్గా ఆ ప్రమాణం ముగిసిన క్షణాన భారత పౌరసత్వం పోతుంది. ఎవరూ ఆర్డరు ఇవ్వక్కర్లేదు. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం ఇష్టపూర్వకంగా మరో దేశ పౌరసత్వం తీసుకుంటే ఇక్కడిది దానంతటదే రద్దు. చాలామంది భారత పాస్‌పోర్టు అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకున్నప్పుడు పోయిందనుకుంటారు. అది పోయిన తర్వాత జరిగే తంతు. ఇలా భారత పౌరసత్వం వదులుకున్నవారు 2011లో 1,22,819 మంది, 2022లో 2,25,620, 2023లో 2,16,219 అని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది.

ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఉంది కదా అంటారు. ఆ కార్డుల పథకం మొదలైంది 2006 జనవరిలో మన హైదరాబాద్‌లోనే, ప్రవాసీ భారతీయ దివస్ వేదిక మీద. పేరులో 'సిటిజన్' ఉండటం దాని పెద్ద దోషం. అది పౌరసత్వం కాదు, జీవితకాలపు వీసాకి కొన్ని సౌకర్యాలు చేర్చిన కార్డు. ఓటు లేదు, పోటీ లేదు, ప్రభుత్వ ఉద్యోగం లేదు. ఫ్లాటు కొనవచ్చు, వ్యవసాయ భూమి కొనడానికి లేదు. తండ్రి పొలం వారసత్వంగా రావచ్చు. మనవాళ్లకి ఓటు కన్నా ఈ పొలం మాటే ఎక్కువ తగులుతుంది, నిజం. ఊళ్లో పాత పేరు జాబితాలో ఉందని ఓసీఐ వాళ్లు ఓటేస్తే మాత్రం నేరం. అక్కడ పేరుంది, హక్కు లేదు. పెద్దమ్మ కథకి తలకిందులు. వాళ్లకి పని ఒక్కటే, ఫారం-7 తమ మీద తామే ఇచ్చుకోవడం.

ఇటు నుంచి అటు కాక అటు నుంచి ఇటు వచ్చినవారి పౌరసత్వం పోవడం వేరే కథ, దానికి వేములవాడే ఉదాహరణ. చెన్నమనేని రమేష్ జర్మనీలో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకున్నారు. తర్వాత దరఖాస్తు చేసుకుని 2009లో భారత పౌరసత్వం పొంది, ఆ ఏడాదే ఎమ్మెల్యే అయ్యారు. 2010 ఉప ఎన్నిక, 2014, 2018 కలిపి నాలుగుసార్లు గెలిచారు. దరఖాస్తుకు ముందు 12 నెలలు ఇక్కడే ఉండాలన్న షరతు పాటించలేదని, విదేశీ ప్రయాణాలు దాచారని ఆయన మీద ఓడిపోయిన ఆది శ్రీనివాస్ పోరాటం మొదలుపెట్టారు. కేంద్ర హోంశాఖ 2017లో ఒకసారి, 2019 నవంబర్‌లో మరోసారి పౌరసత్వం రద్దు చేసింది. రమేష్ పిటిషన్‌ను 2024 డిసెంబర్‌లో తెలంగాణ హైకోర్టు కొట్టేసి, ఆయన జర్మన్ పౌరుడేనని తేల్చి 30 లక్షల ఖర్చులు విధించింది. అందులో 25 లక్షలు శ్రీనివాస్‌కి. తీర్పు వచ్చేసరికి శ్రీనివాస్ అదే సీటులో ఎమ్మెల్యేగా ఉన్నారు. మొదటి గెలుపుకీ తీర్పుకీ మధ్య పదిహేనేళ్లు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఇలా పౌరసత్వం రద్దు చేసే 10వ సెక్షన్ నమోదు ద్వారానో, సహజీకరణ ద్వారానో పౌరులైనవారికే వర్తిస్తుంది. పుట్టుకతో భారత పౌరుడైనవాడి పౌరసత్వాన్ని ప్రభుత్వం ఆర్డరుతో తీసేయలేదు. అతను తనంతట తాను వదులుకోవాలి, లేదా ఇంకో దేశానిది తీసుకోవాలి.

మరి అస్సాంలో జరుగుతున్నదేమిటి? అక్కడ తీసేయరు. 'నువ్వు అసలు పౌరుడివేనా, చూపించు' అంటారు. 1997లో జాబితా సవరణప్పుడు అనుమానం వచ్చిన పేర్ల పక్కన 'డి' అని అక్షరం పెట్టారు. విదేశీయుల ట్రిబ్యునల్ తేల్చేదాకా ఓటు లేదు. రుజువు చేయాల్సిన భారం ప్రభుత్వానిది కాదు, ఆ మనిషిదే. 2019 ఆగస్టు 31న వచ్చిన ఎన్‌ఆర్‌సీ (పౌరుల జాతీయ పట్టిక) తుది జాబితాకి 3,30,27,661 మంది దరఖాస్తు చేస్తే 19,06,657 మంది పేర్లు రాలేదు. 1971 మార్చి 24 అర్ధరాత్రికి ముందు తనో తన పూర్వికులో ఇక్కడ ఉన్నట్టు చూపాలి, ఆ పూర్వికుడికి తను వారసుడినని చూపాలి. చదువుకోక, చిన్నప్పుడే పెళ్లై వేరే ఊరు వెళ్లిన ఆడవాళ్లకి ఆ రెండోది గోడలా అడ్డం నిలిచింది. కాగితాలన్నిట్లో భర్త పేరే ఉంటుంది, తండ్రి కూతురినని చెప్పే ముక్క ఉండదు.

అది అస్సాం గొడవ, మనకెందుకు అనుకునేవాళ్లు తమ ఇంట్లో బీరువా ఒకసారి తెరిచి చూడాలి. 1987 జులై 1కి ముందు ఇక్కడ పుట్టినవారికి పుట్టడమే చాలు. ఆ తర్వాత 2004 డిసెంబర్ 3కి ముందు పుట్టినవారికి తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలి. ఆ తేదీ నుంచి పుట్టినవారికి ఒకరు పౌరులు, రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. చట్టం స్పష్టంగానే ఉంది. కాగితాలే లేవు. మా పెద్దమ్మకి పుట్టిన తేదీ తెలియదు, 'వరదొచ్చిన ఏడాది' అంటుంది. పదో తరగతి మెమో లేదు. ఆధార్‌లో జనవరి 1. రేషన్ కార్డులో ఇంటిపేరు ముందు, ఓటరు కార్డులో వెనక, బ్యాంకు పాస్‌బుక్‌లో ఒక్క అక్షరం మాత్రమే. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు, ఓటరు కార్డూ కాదు, రేషన్ కార్డూ కాదు. పాస్‌పోర్టు ఆవిడకి ఎప్పుడూ అవసరం పడలేదు.

2018 పోలింగ్ అయిన వారానికి ఆవిడకి మళ్లీ ఫారం-6 నింపాం, మొదటిసారి ఓటు నమోదు చేసుకునే పద్దెనిమిదేళ్ల పిల్లలాగా. తొలగింపు మీద కలెక్టర్‌కి అప్పీల్ చేసుకునే దారి ఉందని నాకు తెలిసేసరికి పదిహేను రోజుల గడువు ఎప్పుడో దాటిపోయింది. కొత్త కార్డు, కొత్త నంబరు వచ్చాయి. 2019 ఏప్రిల్ 11న అదే బళ్లో, అదే గదిలో ఓటేసి, సిరా పెట్టిన వేలు ఆ పోలింగ్ అధికారికి చూపిద్దామనుకుంటే అక్కడున్నది వేరే ఆయన.

ఇప్పుడు పెద్దమ్మ పుణె వెళ్లేటప్పుడల్లా పక్కింటావిడకి తాళంచెవితో పాటు ఓటరు కార్డు జిరాక్సు కూడా ఇచ్చి వెళ్తోంది. ఎవరైనా వచ్చి తలుపు తడితే, "ఊరెళ్లింది, వచ్చేస్తుంది" అని చెప్పమని.